పక్క చేన్లో డ్రోన్ కొడితే మా పత్తి ముడుచుకుంది, ఎవరిని అడగాలి?

పత్తిచేను_వర్ధన్నపేట | జులై 18, రాత్రి 9:10

అందరికీ నమస్తే. మాది వర్ధన్నపేట దగ్గర ఊరు. నేను హన్మకొండలో ఉద్యోగం చేస్తున్నాను, ఎవుసం బాపు చూసుకుంటాడు. రెండున్నర ఎకరాల పత్తి. మా గట్టు పక్కన ఇంకొకాయన మక్క వేశాడు. మొన్నామధ్య ఒక శుక్రవారం గడ్డిమందు కొట్టడానికి ఆయన డ్రోన్ కిరాయికి పిలిపించాడు. పొద్దున పదకొండు దాటింది, గాలి మా వైపే ఉంది. బాపు గట్టు మీద నిలబడి చూస్తూనే ఉన్నాడు, ఆయనకు అనుమానం రాలేదు.

నాలుగో రోజు ఫోన్ చేసి "ఆకు బెండాకు లెక్క అయితాంది" అన్నాడు. ఆదివారం వెళ్లి చూశాను. లేతాకులు వేళ్లలా చీలి సన్నబడ్డాయి, ఈనెలన్నీ దగ్గరికొచ్చాయి, చిగురు కిందికి వంగింది. గట్టు నుంచి పద్నాలుగు సాళ్ల దాకా ఇదే తీరు. ఆ తర్వాత మెల్లగా తగ్గుతూ పోయింది. అవతలి కొసన చేను మామూలుగానే ఉంది.

డ్రోన్ అబ్బాయిని అడిగితే "మేము మక్క మీదనే కొట్టాం, గాలి మా చేతిలో ఉంటదా అన్నా" అన్నాడు. మక్క ఆయన "పైసలిచ్చి పిలిచిన, నాకేం తెలుసు" అన్నాడు. పోలీసుల దగ్గరికి పోతే వ్యవసాయం వాళ్లను కలవమన్నారు. వ్యవసాయం వాళ్లు డ్రోన్ తమ కిందికి రాదన్నారు. మూడు గడపలు తిరిగాను. ఎవరిని అడగాలో చెప్పండి.

గట్టుమీది_మనిషి | జులై 18, రాత్రి 9:31

మా దగ్గర వానాకాలంలో ఇది మామూలే అన్నా. డ్రోన్ రాకముందు పంపుతో కొట్టినప్పుడు కూడా అయ్యేది, కాకపోతే రెండు మూడు సాళ్లకే పోయేది. ఊళ్లో కూర్చొని మాట్లాడుకోండి. కోర్టుకు పోతే పత్తి తీతలు అయిపోయినా వాయిదాలు అయిపోవు.

విస్తరణ_పనిలో_ఉన్నవాడు | జులై 18, రాత్రి 10:05

మీరు చెప్పిన గుర్తులు 2,4-డి అనే గడ్డిమందు సోకిన పత్తివే. మక్కలో, వరిలో వెడల్పాకు కలుపుకు వాడతారు. పత్తి కూడా వెడల్పాకు మొక్కే కదా, ఆ మందు కొంచెం తగిలినా తట్టుకోదు.

పంపుతో అయితే ఎకరాకు 150 నుంచి 200 లీటర్ల నీళ్లు పోస్తాం. డ్రోన్ ట్యాంకు 10 లీటర్లు, ఎకరాకు దాదాపు అంతే పోతుంది. ఎకరాకు పోసే మందు మాత్రం అంతే. అంటే ఒక్కో తుంపరలో మందు పదిహేను, ఇరవై రెట్లు చిక్కగా ఉంటుంది. పైగా పంపు నాజిల్ మోకాలి ఎత్తులో ఉంటే డ్రోన్ పంట మీద రెండు మూడు మీటర్ల ఎత్తున ఎగురుతుంది. గాలి ఉంటే సన్నటి తుంపర ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పలేరు. గట్టుమీది అన్న చెప్పిన రెండు మూడు సాళ్లకూ మీ పద్నాలుగు సాళ్లకూ తేడా అక్కడే ఉంది.

ముందు చేను కాపాడుకోండి. ముడుచుకున్న తలలు తుంచేయండి, 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) లీటరుకు 10 గ్రాములు కలిపి వారం తేడాతో రెండుసార్లు కొట్టండి. పక్క కొమ్మలు వస్తాయి. కాపు ఆలస్యమవుతుంది కానీ చేను పూర్తిగా పోదు. తుంచే ముందు ఫొటోలు తీసుకోండి. ములుగు రోడ్డులో పరిశోధన స్థానం ఉంది, మామునూరులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. శాస్త్రవేత్త వచ్చి చూసి కాగితం రాసిస్తే ఆ విలువ వేరు.

కోర్టువరండా | జులై 18, రాత్రి 11:20

హన్మకొండలో ప్రాక్టీసు చేస్తాను. ఈ ప్రశ్న చిన్నగా కనిపిస్తుంది కానీ చిన్నది కాదు.

డ్రోన్ గాల్లో ఉన్నంతసేపు అది విమానం. నిన్నమొన్నటి దాకా 1934 నాటి విమాన చట్టం, 2025 జనవరి 1 నుంచి దాని స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్. పాత చట్టం కింద 2021 ఆగస్టులో వచ్చినవే డ్రోన్ రూల్స్. ట్యాంకులో ఉన్న మందు 1968 పురుగుమందుల చట్టం కిందికి వస్తుంది, గడ్డిమందు కూడా అందులోదే. ఇక నష్టపరిహారం దగ్గరికి వస్తే డ్రోన్ రూల్స్ ఏమంటున్నాయో తెలుసా? థర్డ్ పార్టీ ఇన్సూరెన్సుకు, ప్రాణానికో ఆస్తికో నష్టం జరిగితే ఇచ్చే పరిహారానికి 1988 మోటారు వాహనాల చట్టమే అవసరమైన మార్పులతో వర్తిస్తుందట. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌లకు మాత్రమే ఈ ఇన్సూరెన్స్ అక్కర్లేదు.

కాబట్టి పత్తిచేను గారూ, కాగితం మీద చూస్తే మీ బాపు చేను లారీ గుద్దిన గోడతో సమానం. క్లెయిమ్ వేసే చోటు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్. ఆ చట్టంలో ఇప్పుడు ఆరు నెలల గడువు ఉంది, మరిచిపోకండి.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. డ్రోన్ విరిగి మీ పశువుల కొట్టం మీద పడితే అది డ్రోన్ వల్ల జరిగిన నష్టమే, అందులో వాదన లేదు. డ్రోన్ క్షేమంగా దిగింది, మందు ఎగిరొచ్చింది. ఇది డ్రోన్ చేసిన నష్టమా, మందు చేసిన నష్టమా? రూల్ రాసినవాళ్లకు కింద పడే డ్రోన్ కనపడింది, గాలికి కొట్టుకొచ్చే తుంపర కనపడలేదు. ఇన్సూరెన్స్ కంపెనీ లాయరుగా నేనే ఉంటే మొదట లేవదీసేది ఈ వాదనే.

గట్టుమీది_మనిషి | జులై 18, రాత్రి 11:34

లారీ గుద్దిన గోడ! బాపుకు చెప్పకండి, నవ్వుతాడో ఏడుస్తాడో.

నిట్_పిల్లగాడు | జులై 19, ఉదయం 8:02

మా ప్రాజెక్టు డ్రోన్‌ల మీదే కాబట్టి కొంచెం వాళ్ల తరఫున మాట్లాడతాను. 2021 మార్చిలో ఒకసారి రూల్స్ వచ్చాయి, వాటిలో అడుగడుక్కీ అనుమతులే. ఎవరూ కదల్లేకపోయారు. అయిదు నెలలకే అవి తీసేసి కొత్తవి పెట్టారు. ఫారాలు తగ్గాయి, పెద్దగా ఆంక్షలు లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదన్నారు, జరిమానా గరిష్ఠంగా లక్ష అన్నారు. దానివల్లే ఇవాళ ఊళ్లలో డ్రోన్ కనిపిస్తోంది. మందు డబ్బా వీపున మోసి ఆ విషం పీల్చే కూలీల సంగతి కూడా ఆలోచించండి. ప్రతి తప్పుకూ ముందే ఒక రూల్ రాయాలంటే ఏ టెక్నాలజీ పొలం దాకా రాదు.

ఏనుమాముల_పెద్దమనిషి | జులై 19, ఉదయం 10:45

బాబూ, నీ మాట కొట్టేయను. మందు కొట్టి కళ్లు తిరిగి పడిపోయిన వాళ్లను నేను ఎద్దుబండి మీద ఆస్పత్రికి తీసుకుపోయాను. అయితే ఈ ఆట మా వరంగల్ ఒకసారి చూసేసింది. కొంచెం పొడుగు చెప్తాను, ఓపిక పట్టండి.

1997-98లో పత్తికి పురుగు పడింది. ఏ మందు కొట్టినా చావలేదు. మా జిల్లాలో ఎన్ని ఇళ్లలో దీపం ఆరిందో ఇక్కడ రాయలేను. ఆ తర్వాత బీటీ పత్తి, అంటే పురుగును తనే చంపేలా జన్యువు మార్చిన పత్తి మాట వచ్చింది. చట్టం అనుమతి ఇవ్వకముందే 2001లో గుజరాత్ చేలల్లో దొంగచాటు బీటీ దొరికింది. 2002 మార్చిలో ఢిల్లీ అనుమతి ఇచ్చింది. విత్తనం ముందు నడిచింది, చట్టం వెనక పరిగెత్తింది.

2005లో మూడు బీటీ హైబ్రిడ్లకు మన రాష్ట్రంలో అనుమతి పొడిగించలేదు. అప్పటికే అవి ఎందరి చేలల్లో దెబ్బతిన్నాయో! ధర సంగతి ఇంకో కథ. 450 గ్రాముల ప్యాకెట్ 1,850 రూపాయలు. రాష్ట్ర ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య కమిషన్ దాకా వెళ్లి కొట్లాడితే 750కి దిగింది. అదొక్కటి మాత్రం గట్టి పని, ఒప్పుకుంటాను.

నేను చెప్పదలచుకున్నది ప్యాకెట్లో ఉండే చిన్న పొట్లం గురించి. బీటీ గింజలతో పాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజలు ఇచ్చేవాళ్లు. చేను చుట్టూ అయిదు సాళ్లో, మొత్తంలో అయిదో వంతో మామూలు పత్తి వేయాలి. పురుగుకు కొంచెం తిండి వదిలితే బీటీని తట్టుకునే జాతి తొందరగా పుట్టదని లెక్క. సైన్సు సరైనదే. అనుమతి షరతుల్లోనే రాసి ఉంది. మరి ఎవరు వేశారు? నేను వేయలేదు. రెండెకరాల రైతు అయిదో వంతు పురుగుకు వదిలితే పెట్టుబడి ఎవరిస్తారు? మా కొట్టం చూరులో ఆ పొట్లాలు ఒక కట్ట ఉండేది, చివరికి దాన్ని ఎలుకలు తిన్నాయి. తర్వాత గులాబీరంగు పురుగు తర్వాతి రకం బీటీ-2ని కూడా లెక్కచేయకుండా కాయలోకి దూరింది. అప్పుడు అందరూ రైతు పొట్లం వేయలేదన్నారు.

డ్రోన్‌కు కూడా మార్గదర్శకాలు ఉన్నాయని విన్నాను, గట్టు వైపు కొంత జాగా వదిలి కొట్టాలని. ఆ వదిలిన జాగాలో గడ్డి ఎవరు పీకుతారు? పక్కవాడి మేలు కోసం నా చేన్లో నేను నష్టపోవాలంటే, ఆ నష్టం పూడ్చేవాడు లేకపోతే ఆ రూలు కూడా చూరులో పొట్లమే.

విస్తరణ_పనిలో_ఉన్నవాడు | జులై 19, మధ్యాహ్నం 12:10

పెద్దాయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. డ్రోన్ పిచికారీకి కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో పద్ధతి విడుదల చేసింది. గాలి ఎక్కువుంటే కొట్టొద్దు, పక్క పంటకు మధ్య ఖాళీ వదలాలి, ముందు రోజే ఊళ్లో చెప్పాలి, నీటి వనరుల దగ్గర కొట్టొద్దు. అన్నీ మంచి మాటలే. మా మండలంలో గాలి వేగం కొలిచే పరికరం ఎవరి దగ్గరా నేను చూడలేదు. నా దగ్గర కూడా లేదు, చెప్పడానికి సిగ్గేమీ లేదు.

సంఘం_అక్క | జులై 19, మధ్యాహ్నం 2:25

నేను డ్రోన్ నడుపుతాను. మహిళా సంఘానికి నమో డ్రోన్ దీదీ పథకం కింద వచ్చింది. సబ్సిడీ 80 శాతం, 8 లక్షల దాకా. మిగిలింది సంఘం అప్పు. ట్రైనింగు పదిహేను రోజులు. అందులో అయిదు రోజులు ఎగరేయడం, పది రోజులు మందు కొట్టడం. గాలి సంగతి అక్కడ బాగానే చెప్పారు.

ఇక్కడ రోజు ఎలా ఉంటదో చెప్తా. పొద్దున ఆరింటికి మొదలుపెడితే తొమ్మిదిన్నర దాకా గాలి ఉండదు. అంతలో నాలుగైదు బ్యాటరీలు అయిపోతయి, చార్జింగ్ పెట్టాలి. అప్పటికే ఇంకా ముగ్గురు రైతులు కూలోళ్లను మాట్లాడి, నీళ్ల డ్రమ్ములు నింపి కూర్చుంటరు. పదకొండింటికి గాలి లేస్తది. "అక్కా, ఇంత దూరం వచ్చి పోతవా, సాయంత్రం వాన పడితే?" అంటరు. నేను పోతే వెనక ఇంకొకాయన డ్రోన్ ఉంది, ఆయన కొడతాడు. ఎకరానికి వచ్చేది నాలుగైదు వందలు. నెల వాయిదా కట్టాలి.

నేను కొట్టను. అట్ల అనడం తేలిక, రెండుసార్లు కొట్టిన. రెండోసారి పక్కన బంతిపూల తోట. ఏమీ కాలేదు, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పత్తిచేను తమ్ముడూ, ఒక మాట. డ్రోన్ ఎక్కడెక్కడ తిరిగిందో, ఎంత ఎత్తులో ఎగిరిందో, ఎన్ని లీటర్లు పోసిందో అంతా రిమోట్‌లో గీతలు గీతలుగా ఉంటది. ఆ అబ్బాయిని చూపించమను. చూపిస్తే ఆయన తప్పు ఎంతో గాలి తప్పు ఎంతో తెలుస్తది.

కోర్టువరండా | జులై 19, సాయంత్రం 4:40

అక్కా, ఈ ముక్క కోసమే చూస్తున్నాను. ఆ గీతలు ఫోన్‌లో వీడియో తీసి ఊరుకోకూడదు. 2024 జులై 1 నుంచి సాక్ష్య చట్టం మారింది. ఎలక్ట్రానిక్ రికార్డు కోర్టులో పెట్టాలంటే 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి, అందులో హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకె) కూడా రాయాలి. పత్తి ఆకు ఫొటోకీ అంతే.

ఇక పెద్దాయన అడిగినదానికి జవాబు పాత చట్టంలో కొంత ఉంది. 1868లో ఇంగ్లాండులో ఒక కేసు తేలింది. ఒకాయన తన భూమిలో చెరువులాంటి కుంట కట్టించాడు, అడుగున పాత గని దారులున్నట్టు తెలియదు. నీళ్లు పక్కాయన గనిలోకి పోయాయి. తప్పు ఉందా లేదా అని చూడకుండా, ప్రమాదకరమైనదాన్ని నీ జాగాలోకి తెచ్చుకుంటే అది దాటిపోయినప్పుడు బాధ్యత నీదే అన్నారు. చెరువుల ఊరివాళ్లకు ఇది కొత్తగా చెప్పాలా? 1986లో మన సుప్రీంకోర్టు ఢిల్లీ గ్యాస్ లీక్ కేసులో ప్రమాదకర పరిశ్రమలకు ఇంకా గట్టిగా చెప్పింది, సాకులేవీ చెల్లవంది. పిచికారీ డ్రోన్‌ను అక్కడి దాకా లాగగలమా అంటే అది వాదన మీద ఆధారపడుతుంది. ట్రిబ్యునల్ తలుపు తెరుచుకోకపోతే సివిల్ కోర్టులో ఈ దారి ఉంది.

2025 సెప్టెంబరులో కేంద్రం డ్రోన్‌లకే ప్రత్యేకంగా ఒక బిల్లు ముసాయిదా పెట్టింది. మరణానికి రెండున్నర లక్షలు, తీవ్ర గాయానికి లక్ష అని అంకెలు రాశారు. మనిషికి అంకె దొరికింది. పద్నాలుగు సాళ్ల పత్తికి ఎలా లెక్కకడతారన్నది నా ప్రశ్న.

కార్డు_పోయిన_ఇల్లు | జులై 19, రాత్రి 8:15

మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. "మూడు గడపలు తిరిగాను" అన్న మాట చదివి రాస్తున్నాను. మా అత్తమ్మ రేషన్ కార్డు అలాగే పోయింది. కంప్యూటర్‌లో మీ ఇంట్లో కారు ఉన్నట్టు వచ్చిందన్నారు. మాకు సైకిల్ ఉంది. డీలర్ను అడిగితే మండలం, మండలంలో అడిగితే "పైనుంచే వచ్చింది". పైన ఎవరో ఇప్పటికీ తెలియదు.

తర్వాత తెలిసింది, మాలాంటి వాళ్లు లక్షల్లో ఉన్నారని. రాష్ట్రంలో రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కంప్యూటర్ తీసేసినదాన్ని మనిషి వచ్చి చూడాలని చెప్పడానికి అంత పెద్ద కోర్టు కావాల్సి వచ్చింది.

నిట్_పిల్లగాడు | జులై 19, రాత్రి 8:50

సమగ్ర వేదిక అనే వ్యవస్థ గురించి కొంత చదివాను. వేర్వేరు శాఖల రికార్డుల్లో పేరు, చిరునామా దగ్గరగా ఉంటే ఒకే మనిషి అనుకొని కలుపుతుంది. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు మన ఊళ్లలో ఎంతమందో తెలిసిందే. నకిలీ కార్డులు పట్టుకోవడానికి పనికొస్తుంది, కాదనను. తీసేసే ముందు ఒక నోటీసు ఇచ్చి ఉంటే సరిపోయేది. పొద్దున నేను రాసిన మాట ఇక్కడ నాకే అడ్డం వస్తోంది.

మోడరేటర్ | జులై 19, రాత్రి 9:05

రేషన్ కార్డుల మీద వేరే చర్చ తెరవండి, నేనే పైకి పెడతాను. ఇక్కడ డ్రోన్, పత్తి.

గట్టుమీది_మనిషి | జులై 20, ఉదయం 6:50

మామునూరు విమానాశ్రయం మొదలైతే ఇంకో తమాషా. 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఓకే చెప్పింది కదా. విమానాలు నడిచే ఎయిర్‌పోర్టు హద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపు డ్రోన్ లేపాలంటే అనుమతి అడగాలి, 8 నుంచి 12 మధ్య 200 అడుగుల దాకే ఫ్రీ అంటున్నారు. అంటే మామునూరు చుట్టూ ఊళ్లకు డ్రోన్ మ్యాపు మారిపోద్ది. మక్కకు గడ్డిమందు కొట్టాలంటే టవర్ వాళ్లకు ఫోన్ చేయాలేమో. విమానం భద్రంగా ఉంటది, పత్తి సంగతి పత్తిదే.

సంఘం_అక్క | జులై 20, ఉదయం 7:30

నవ్వులాటకు అన్నా నిజమే. మ్యాపు చూసే లేపాలె అని మాకు ట్రైనింగులో నేర్పిండ్రు. పక్క చేన్లో ఏం పంట ఉందో ఏ మ్యాపులో ఉండదు. నేను ఇప్పుడు కిరాయి మాట్లాడేటప్పుడే నాలుగు దిక్కులా ఏముందో అడిగి నోట్‌బుక్‌లో రాసుకుంటున్న. పత్తి పక్కన 2,4-డి అంటే పంపుతోనే కొట్టుకోమంటున్న. ఇద్దరు రైతులు పోయిండ్రు. పోనీ.

పత్తిచేను_వర్ధన్నపేట | జులై 27, రాత్రి 8:40

అందరికీ థాంక్స్. ఏం జరిగిందో చెప్తాను.

శాస్త్రవేత్త మంగళవారం వచ్చి చూసి, 2,4-డి లక్షణాలేనని రాసిచ్చారు. డ్రోన్ అబ్బాయి మొదట రిమోట్ చూపించనన్నాడు. "నీ మీద కేసు కాదు తమ్ముడూ, నీ ఇన్సూరెన్స్ మీద" అని చెప్తే ఒప్పుకున్నాడు. తెర మీద మక్క చేను ఆకుపచ్చ గీతలతో నిండి ఉంది. గట్టు దగ్గర తిరిగే ప్రతిచోటా గీత మా పత్తిలోకి నాలుగైదు మీటర్లు వచ్చి వెనక్కి మళ్లింది. మలుపులో స్ప్రే ఆగిందా అంటే అబ్బాయి ఏమీ మాట్లాడలేదు. బాపు కళ్లద్దాలు పెట్టుకొని చాలాసేపు చూశాడు. "నేను నిలబడ్డది ఇక్కడే" అని ఒక మలుపు మీద వేలు పెట్టాడు.

ఇన్సూరెన్స్ వాళ్లకు అబ్బాయే ఫోన్ చేశాడు. డ్రోన్ పడి నష్టమైతే ఇస్తామని, మందు సోకితే పాలసీలో లేదని చెప్పారు. కోర్టువరండా సార్ అన్నదే అయింది.

చివరికి గ్రామపంచాయతీ దగ్గర కూర్చున్నాం. పద్నాలుగు సాళ్ల విత్తనం, ఎరువు, కలుపు కూలీ లెక్కకట్టి సగం డ్రోన్ అబ్బాయి, సగం మక్క ఆయన ఇచ్చేలా కాగితం రాసుకున్నాం. కాపు తగ్గితే వచ్చే నష్టం అందులో లేదు. ట్రిబ్యునల్‌కు వెళ్లే హక్కు వదులుకోలేదని సార్ చెప్పినట్టు ఒక వాక్యం రాయించాను. వెళ్తామో లేదో పత్తి తీసే నాటికి చూస్తాం.

తలలు తుంచాం. పక్క కొమ్మలు కొన్ని మొదలయ్యాయి.

కోర్టువరండా | జులై 27, రాత్రి 9:15

మంచి పని చేశారు. ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే డిసెంబరు దాటనివ్వకండి. ఇన్సూరెన్స్ వాళ్లు ఫోన్‌లో చెప్పింది రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఏనుమాముల_పెద్దమనిషి | జులై 27, రాత్రి 9:40

బాపును అడిగానని చెప్పు. మొదటి తీత ఆలస్యమైనా రెండోది బాగుండొచ్చు. మార్కెట్‌కు వచ్చినప్పుడు కలవమను.

సంఘం_అక్క | జులై 28, ఉదయం 6:05

తమ్ముడూ, ఆ కాగితం పేర్లు కొట్టేసి ఇక్కడ పెడతావా? మా సంఘంలో కిరాయి మాట్లాడేటప్పుడే అలాంటిది రాయించుకుందామని అనుకుంటున్నాం.